ఒక ముడి రంగు, మూడు ముళ్ళ రంగు

రంగుల గది, వెనక మెట్ల మీద
జూన్ 2

పెద్దమ్మా,

నేను ఖాళీగా లేను. ఈ మాట ఇంట్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి ఇప్పుడు కాయితం మీద పెడుతున్నాను.

మొన్న ఆదివారం నాన్న స్నేహితుడొకాయన భోజనానికొచ్చాడు. అమ్మాయి ఏం చేస్తోందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ప్రస్తుతానికి ఖాళీ," అన్నారు, అద్దెకిచ్చే వాటా గురించి చెప్పినట్టు. అమ్మ దాన్ని సర్దబోయి ఇంకా పాడుచేసింది. పెయింట్ల కంపెనీలో పై అధికారితో మాటామాటా వచ్చి మానేశాననీ, మనసు కుదుటపడేదాకా ఏదో ఉన్ని బకెట్లలో ముంచుకుంటున్నాననీ చెప్పింది. ఆ అధికారితో నాకే గొడవా లేదు. చాలా మంచివాడు పాపం. రోజుకి అరవైసార్లు అదే తెల్ల పెయింటు చిక్కదనం కొలవడంతోనే నా గొడవ. అలా చెప్తే మనింట్లో ఎవరికీ ఎక్కదు. పోట్లాట అంటే వెంటనే ఎక్కుతుంది.

ఖాళీ కాబట్టి తాతయ్య కాలు విరిగితే మూడు వారాలు నేనే వెళ్ళాను. వదినవాళ్ళు ఇల్లు మారితే అట్టపెట్టెలు కట్టింది నేనే. మామయ్య ఊరెళితే, ఆయనింటికి కుళాయి బాగుచేసే మనిషి వస్తాడని పొద్దుటినుంచి సాయంత్రందాకా కాపలా కూర్చున్నదీ నేనే. అతను రాలేదు.

నేనిక్కడ ఏం చేస్తున్నానో అడిగిన మనిషివి నువ్వొక్కదానివే. చెప్తాను విను. మా దగ్గరికొచ్చే ఉన్ని నూలు వెంట్రుక కంటే కాస్తే లావు. అరచేతిలో ఇమిడిపోయే ఒక్క చిలప, అదే నూలు చుట్ట, విప్పితే ఎనిమిది వందల మీటర్లుంటుంది. దాన్ని నానబెట్టి, రంగు కలిపిన నీళ్ళలోకి దించి, కాస్త వెనిగర్ పోసి సన్నటి సెగ మీద పెడతాం. తర్వాత ముట్టుకోకూడదు. ఊరికే కెలికినా, వేడి మీద తీసి చల్లటి నీళ్ళలో వేసినా, పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని అట్టకట్టేస్తాయి. ముప్పావుగంటకి మూత తీస్తే నూలు నిండా రంగుంటుంది, గిన్నెలో నీళ్ళు మాత్రం తేటగా ఉంటాయి. నిన్న కురిసిన వాన నీళ్ళలా. మొదటిసారి నేను నమ్మలేక ఆ నీళ్ళు గరిటెతో ఎత్తి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. నాలుగు నెలలైంది. మూత తీసిన ప్రతిసారీ ఇంకా అలాగే చూస్తున్నాను. ఈ గది యజమానురాలు, నేను రంగులావిడ అని పిలుస్తానే, ఆవిడ నవ్వదు. "ముప్పై ఏళ్ళయింది, నేనూ చూస్తాను," అంటుంది.

ఖాళీగా లేని
నీ చెల్లెలి కూతురు


కిటికీ పక్క కుర్చీ
జూన్ 11

ఏమే ప్రశ్నల పుట్టా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో కూర్చుని పరాయివాళ్ళ తప్పులు దిద్దినదాన్ని. ఆ ప్రెస్సు మూతపడి ఏడాదైనా చేతిలో పెన్ను లేకుండా ఏదీ చదవలేకపోతున్నాను. నీ ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయి. ఎక్కడో చెప్పను, వెతుక్కో.

మీ నాన్న మాటకి అంత ఉడుక్కోకు. నువ్వు మోస్తున్న ఖాళీ అన్న ఆ బోర్డు నీకంటే ముందు నా మెడలో వేలాడిందే.

సరే, అంత పనిమంతురాలివి కాబట్టి నాకో పని చేసిపెట్టు. నా లేసు శాలువ గుర్తుందా? ముక్కోణపుది. మీ అమ్మ సాలెగూడు అని వెక్కిరిస్తూ ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట మొదలెట్టాను. మూడు పాళ్ళలో రెండు పాళ్ళయింది. మిగతాది అల్లడానికి నూలు లేదు, కొన్న కొట్టు కూడా ఇప్పుడు లేదు. ఈ ఏడాది ఎలాగైనా ముగించాలని పట్టుబట్టి కూర్చున్నాను. ఎందుకిప్పుడే అని అడగకు, నీకు ఆ జబ్బుందని తెలుసు.

రంగు బూడిద రంగు. అదే నూలు మూరెడు కవర్లో పెట్టాను. అచ్చం ఆ రంగులో ఒక్క చిలప వేసి పంపు. ఫోన్లో మాటలైతే చెప్పుకోగలం గానీ రంగు చెప్పుకోలేం. అందుకే ఈ పోస్టు ఖర్చు. తొందరేం లేదు, కానీ తొందరగా పంపు.

పెద్దమ్మ


రంగుల గది, తూకం బల్ల
జూన్ 19

పెద్దమ్మా,

నీ మూరెడు నూలు తీసి తెల్ల పళ్ళెంలో వేసి కిటికీ దగ్గర పెట్టాను. బూడిద అన్నావు. ఇది బూడిద కాదే. ఇందులో ఊదా ఉంది. వంకాయ ఊదా కాదు. సాయంత్రం లైట్లు వేయక ముందు గది మూలల్లో చేరుతుందే, ఆ ఊదా. బూడిద దాని మీద పల్చటి ముసుగు, అంతే. ఇరవై ఏళ్ళ నూలు కదా, వెలిసి ఇలా అయిందేమోనని పోగు విప్పదీసి లోపల కూడా చూశాను. పైనా లోపలా ఒకటే. పెట్టెలో చీకట్లో ఉంది కాబట్టి చెక్కుచెదరలేదు.

కానీ అడిగింది నువ్వు. అందుకని మూడు నమూనాలు పంపుతున్నాను. కాయితం చీటీలు నీళ్ళలో ఊడిపోతాయి కాబట్టి మేం నూలు కొసకి ముళ్ళు వేసి గుర్తుపెట్టుకుంటాం. ఒక ముడి ఉన్నది వట్టి బూడిద. రెండు ముళ్ళ దాంట్లో ఊదా చెంచాడు. మూడు ముళ్ళ దాంట్లో ఇంకాస్త. మూడు ముళ్ళ సంగతి అమ్మ చెవిన వేయకు, ఆవిడ వేరే అర్థం తీసుకుని సంతోషపడుతుంది.

నూలు తడిగా ఉంటే ఒక రంగు, ఆరితే ఇంకో రంగు కనబడుతుంది కాబట్టి మూడూ రెండ్రోజులు ఆరబెట్టాకే కవర్లో పెట్టాను. నా ఓటు మూడు ముళ్ళకే. నీ శాలువ మీద పెట్టి చూసి చెప్పు.

నీ ప్రశ్నల పుట్ట


కిటికీ పక్క కుర్చీ
జులై 1

ఒక ముడి. సందేహం లేదు. శాలువ మీద పెట్టి వేలు తీస్తే ఎక్కడ పెట్టానో నాకే కనబడలేదు. రెండోదీ మూడోదీ కూడా దాదాపు అంతే, కాస్త మురికిపట్టినట్టున్నాయి. ఇంత పిసరు తేడాకి మూడు రకాలు వేసి, రెండ్రోజులు ఆరబెట్టి, పైగా ఓట్లు కూడానా.

ఒక ముడిదే చిలప వేసి పంపు. ఊదా ఊదా అని కలవరించకు. నా వయసుకి బూడిదే నప్పుతుంది. నేనెప్పుడూ కొనేది బూడిదే.

పెద్దమ్మ


రంగుల గది, వెనక మెట్ల మీద
జులై 9

పెద్దమ్మా,

నీ ఒక ముడి చిలప ఈ కవర్లోనే ఉంది. రంగు దిగింది, నీళ్ళు తేటబడ్డాయి, నూలు అట్టకట్టలేదు. పనిలో వంక పెట్టడానికేం లేదు. ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడటం లేదు. నీ మూరెడు నూలూ ఈ చిలపా పక్కపక్కన పెడితే నాకు అవి చుట్టాలు కూడా కావు. ఇరుగుపొరుగు, అంతే.

రంగులావిడకి చూపించాను. ఆవిడ రెండూ చూసింది, నీ ఉత్తరం చదవమంది, విని, "కప్పుకునేది ఆవిడ. చూసేది ఆవిడ కళ్ళు. మధ్యలో నీ కళ్ళకేం పని?" అంది. నిజమే. కానీ ముప్పై ఏళ్ళు అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు కొలిచిన కళ్ళు ఇంత తేడాని ఎలా వదిలేశాయి? ఈ ప్రశ్న చెప్పులో రాయిలా ఉంది.

ఆవిడ కుడి మణికట్టు వాచింది. బరువు గిన్నెలు ఇప్పుడు నేనే దించుతున్నాను. తూకం కూడా నేనే వేస్తున్నాను, ఆవిడ స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. ఏమీ అనదు. అనకపోవడం మెచ్చుకోవడమని ఇక్కడి లెక్క.

నీ చెల్లెలి కూతురు


ఇల్లు
జులై 28

ఏమే,

రంగు తప్పు పంపావు. చిలప ఈ వారమే విప్పాను. నాలుగు వరసలు అల్లి చూస్తే మాసిన గుడ్డలు ఉతికిన నీళ్ళలా ఉంది. శాలువకీ దానికీ పొంతనే లేదు. నీ నమూనాలు మళ్ళీ తీశాను. మూడు ముళ్ళదే అతికినట్టుంది. ఒక ముడి అని నేనే రాశానేమో, నాకూ గుర్తుంది. అప్పుడేదో పొరబడి ఉంటాను. ఆ నాలుగు వరసలూ ఊడదీశాను.

ఇంకో విచిత్రం. మా స్నానాల గది గోడ పలకలు నీలం రంగువిట. ఇన్నాళ్ళూ ఆకుపచ్చనుకుంటున్నాను. ఇంటివాళ్ళు నేను లేనప్పుడు మార్చారేమోనని పై వాటా టీచరమ్మని అడిగితే ఆవిడ నన్ను అదోలా చూసింది.

ఉత్తరం ఆలస్యమైంది. కాస్త నలతగా ఉండింది, ఇప్పుడు బానే ఉన్నాను.

సాయంత్రం ఇది అంటించబోతూ మళ్ళీ ఒక్కసారి చూశాను. ఒక ముడిదే సరిగ్గా ఉంది. నీకు తిక్కరేగుతుందని తెలుసు, అయినా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నువ్వు పంపింది నూలు కాదే, ఊసరవెల్లి.

పెద్దమ్మ


రంగుల గది, తూకం బల్ల
ఆగస్టు 4

పెద్దమ్మా,

తిక్క రేగలేదు. నిద్ర మాత్రం పోయింది. పొద్దున్న ఒక రంగూ సాయంత్రం ఇంకో రంగూ అంటే తప్పు వెలుతురుది అయ్యుండాలి. నాకూ ఒకసారి అలాగే జరిగింది. ట్యూబులైటు కింద రెండు చిలపలు కవలపిల్లల్లా ఉన్నాయని మురిసిపోయాను, గుమ్మం దాటి బయటికి తెచ్చేసరికి ఒకటి ఆకుపచ్చకి తిరిగింది. రంగులావిడ అప్పుడే నాతో ఒట్టు పెట్టించుకుంది, కిటికీ దగ్గర తప్ప రంగు సరిచూడనని. కాబట్టి చెప్పు. పొద్దున్న ఎక్కడ కూర్చుని చూశావు? సాయంత్రం దీపం తెల్లదా, పచ్చదా? కుర్చీకెదురుగా ఉన్న గోడ ఏ రంగు? ఎర్రగోడ పక్కన కూర్చుంటే తెల్ల నూలు కూడా సిగ్గుపడుతుంది. మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపం కింద ఒకసారి చూసి రెండూ రాయి.

నా సంగతి ఒకటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నూలు కొట్టాయన వచ్చి నేను సరదాకి వేసుకున్న చిలప చూశాడు. వాన వెలిశాక రోడ్డు ఆరీ ఆరకుండా ఉంటుందే, ఆ రంగు. అది నలభై చిలపలు కావాలన్నాడు. రంగులావిడ నా వైపు చూసి, "రంగు దీనిది. అడగాల్సింది దీన్నే," అంది. ఒప్పుకున్నాను. సెప్టెంబరు పదో తేదీన మొదలు, ఇరవైకల్లా అయిపోవాలి.

ఇక్కడ ఒక నియమం ఉంది. ఒక చెయ్యి మొదలెట్టిన రంగు ఇంకో చెయ్యి ముగించకూడదు. తూకం ఒకటే, కొలత ఒకటే, అయినా చెయ్యి మారితే నూలుకి తెలిసిపోతుందంటుంది ఆవిడ. ఎమ్మెస్సీ చదివినదాన్ని, నమ్మలేదు. పరీక్ష పెట్టి చూశాను, ఇద్దరం ఒకే కొలతల చీటీ పెట్టుకుని, చెరో చిలప వేశాం. తేడా వచ్చింది. నేను మూత ఎక్కువసార్లు తీస్తానట. కాబట్టి ఆ పది రోజులూ నేను కదలకూడదు.

నీ ప్రశ్నల పుట్ట


ఇల్లు
ఆగస్టు 12

నలభై చిలపలా? నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. శభాష్. ఇంట్లో చెప్పకపోవడమే మంచిది. చెప్తే ఇరవై ఒకటో తేదీకి నీకో పని చూసిపెడతారు.

నువ్వు చెప్పిన వెలుతురు సంగతి నిజమే అయ్యుంటుంది. గోడ మీగడ రంగు. దీపం తెల్లదే. మిట్టమధ్యాహ్నం చూశాను, మూడు ముళ్ళు. భోజనమయ్యాక మళ్ళీ అదే కుర్చీలో, అదే ఎండలో చూశాను, ఒక ముడి. మబ్బు పట్టిందేమోలే. నూలు ఉండ చేతిలోంచి జారి మంచం కిందకి దొర్లితే, నేను వంగకూడదు కదా, టీచరమ్మ కిందకొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు మళ్ళీ చూస్తే మూడు ముళ్ళు. ఏ రంగు పంపినా ఫర్వాలేదులే, అల్లేస్తాను.

పెద్దమ్మ


రంగుల గది, వెనక మెట్ల మీద
ఆగస్టు 18

పెద్దమ్మా,

ఎందుకు వంగకూడదు?

నీ ఉత్తరాలన్నీ తారీఖుల వారీగా బల్ల మీద పరిచాను. జూన్‌లో నీ గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. జులై చివర్లో ప్రతి వరసా కుడి వైపుకి పోతూ పోతూ పైకెక్కింది. ఏ రంగైనా ఫర్వాలేదు అన్నావు. నువ్వు. కామా వంకరగా పడిందని పుస్తకం మొత్తం మళ్ళీ అచ్చు వేయించిన మనిషివి.

పలకలు ఆకుపచ్చ అనుకున్నానన్నావు. నీలాన్ని ఆకుపచ్చ చేయాలంటే ఏం కలపాలో ఈ గదిలో రెండో రోజే నేర్పుతారు. పసుపు. గాజు సీసాడు నీళ్ళలో పసుపు రంగు పొడి చిటికెడు కలిపి, ఆ నీళ్ళు కంటికెదురుగా పెట్టుకుని, నీ మూరెడు నూలునీ నా మూడు నమూనాలనీ చూశాను. ఊదా మాయమైపోయింది. ఒక ముడిదీ మూడు ముళ్ళదీ పక్కపక్కన ఉన్నా తేడా చెప్పలేకపోయాను. సీసా పక్కకి తీస్తే మళ్ళీ తేడా. పెట్టాను, తీశాను. ఎన్నిసార్లో. రంగులావిడ వచ్చి ఏం చేస్తున్నావంటే, మా పెద్దమ్మ కళ్ళతో చూస్తున్నానని చెప్పాను. ఆవిడ సీసా తీసుకుని తనూ చూసింది. "శుక్లం," అంది. "మా అమ్మ కూడా ఒక కన్ను చేయించుకున్నాక గోడలు కడిగారా అని అడిగింది."

నీకో కంటికి ఆపరేషన్ అయింది. ఇంకో కంటికి కాలేదు. వెలుతురుదేం తప్పు లేదు, నువ్వు ఏ కంటితో చూస్తే ఆ రంగు. సరిగ్గానే చెప్పానా? ఎప్పుడు చేయించుకున్నావు? ఎవరున్నారు దగ్గర? మాకెవరికీ ఎందుకు చెప్పలేదు?

నాకు కోపంగా ఉంది. లెక్క తేలినందుకు లోపల ఎక్కడో సంతోషంగానూ ఉంది. అందుకు ఇంకా కోపంగా ఉంది.


కిటికీ పక్క కుర్చీ
ఆగస్టు 25

ఏమే ప్రశ్నల పుట్టా,

జులై పదిహేడున. కుడి కన్ను. దగ్గరెవరూ లేరు. టీచరమ్మ ఆటోలో తీసుకెళ్ళి తీసుకొచ్చింది.

నీ ఉత్తరం చదవగానే నూలు ఎదురుగా పెట్టుకుని ఎడం కన్ను మూశాను. ఊదా. కుడి కన్ను మూశాను. బూడిద. గంటసేపు అలా మారుస్తూ కూర్చున్నాను. రంగులు బాగా కనిపిస్తాయని డాక్టరు చెప్పాడు గానీ, ఇన్నాళ్ళూ తప్పు రంగు చూస్తూ ఉన్నానని చెప్పలేదు. మందు చుక్కలు వేసుకున్న ప్రతిసారీ కుడి కన్ను మూసుకుని రెండోదానితో చూస్తూ ఉన్నానన్నమాట. అదీ నీ ఊసరవెల్లి. ఒక మాట చెప్పనా, ఇరవై ఏళ్ళ కిందట ఈ నూలు కొన్నప్పుడు నా కళ్ళకి ఏ జబ్బూ లేదు. ఊదా అని చూసి, ఊదా కావాలనే కొన్నాను. నేను ఊదా కొనే మనిషినని నేనే మర్చిపోయాను.

ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నిన్ను పంపుతారు. వేరే ఎవర్నీ పంపరు. నాకు తెలుసు, నేను ఆ పని చేసినదాన్ని. ఉద్యోగం ఉన్నా నేను ఖాళీయే, మొగుడూ పిల్లలూ లేరు కాబట్టి. శాలువలో అక్కడక్కడ అడ్డంగా తెల్లదారాలు చూసే ఉంటావు. లేసు అల్లుతూ మధ్యలో లేవాల్సి వస్తే ఆ వరస కుట్లన్నిటిలోంచీ ఒక వేరే దారం దూర్చి ఉంచుతాం. తర్వాత ఎక్కడ కుట్టు జారినా అక్కడిదాకే ఊడి ఆగిపోతుంది. ఆ తెల్లదారాలన్నీ నేను వెళ్ళిన ఇళ్ళు. మా నాన్న పక్షవాతం ఒకటి. మీ అమ్మ బ్యాంకు పరీక్షలు ఒకటి. నీ టైఫాయిడు ఒకటి. నిన్న లెక్కపెట్టాను, పదకొండు.

వెళ్ళినందుకు ఏడుపు లేదు. నువ్వు వెళ్ళకూడదని మాత్రం ఉంది. ఎడం కంటికి సెప్టెంబరు పధ్నాలుగు ఇచ్చారు. అది కూడా ఇలాగే గుట్టుగా అయిపోతుంది. అమ్మకి చెప్పకు.

పెద్దమ్మ


రంగుల గది, తూకం బల్ల
సెప్టెంబరు 1

పెద్దమ్మా,

అమ్మకి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. ఆసుపత్రి కాయితంలో దగ్గరి బంధువు అన్న గడిలో నువ్వే అమ్మ నంబరు రాశావు. ఖాళీ గడి వదలలేవు కదా, నీ వృత్తి దోషం. వాళ్ళు తేదీ గుర్తుచేయడానికి ఫోన్ చేశారు.

అమ్మ మొదట ఏడ్చింది. తర్వాత నీ మీద అరిచింది, నువ్వు అక్కడ లేకపోయినా. తర్వాత నాకు టికెట్టు తీసింది, పన్నెండో తేదీకి, నాలుగు వారాలకి. నన్ను అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా ఆవిడకి తట్టలేదు. నలభై చిలపల సంగతి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. "మీ రంగులావిడ వేసుకుంటుందిలే, ఆవిడ పనేగా," అంది. నాన్న, నా చదువు ఎందుకూ కొరగాకపోయినా నా చెయ్యి మంచిదనీ, రోగులకి నేను నప్పుతాననీ అన్నారు. ఆయన దృష్టిలో అది పొగడ్త.

నేనింకా జవాబు చెప్పలేదు. నువ్వు రావద్దన్నావు, అది ఉత్తరంలో. టికెట్టు కొనేశాక ఏమంటావో తెలుసుకోవాలనుంది. నా దగ్గర మొహమాటపడకు. నిజం రాయి.


కిటికీ పక్క కుర్చీ
సెప్టెంబరు 5

నిజం అడిగావు. మూడు కాయితాలు చింపాను, ఇది నాలుగోది.

నువ్వు వస్తే బావుండుననే ఉంది.

మొదటి కంటికి ధైర్యంగా వెళ్ళాను, ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలుసు. మూడు గంటలకోసారి చుక్కలు. నేనే వేసుకుంటే సగం బుగ్గ మీద పడేవి. నాలుగో రోజు కన్ను బాగా నొప్పెట్టింది. ఎవరికి చెప్పాలో తోచక వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ బడికి వెళ్ళింది. ఆవిడని ఎన్నిసార్లని పిలుస్తాను. పొయ్యి ఆర్పేశానో లేదో తెలియక నాలుగుసార్లు చేత్తో తడిమాను.

పదకొండు ఇళ్ళకి వెళ్ళాను కదా, నా ఇంటికి ఒకరు రావాలనుకోవడం తప్పు కాదనుకుంటా. ఆ ఒకరు ఎవరా అనుకోగానే నీ మొహమే కనబడింది చూడు, అది తప్పు. మీ అమ్మ గుర్తుకే రాలేదు. మీ వదిన రాలేదు, మామయ్య రాలేదు. నిన్ను కాపాడుతున్నానని అంత గొప్పగా రాసినదాన్ని, నా లోపల కూడా నువ్వు ఖాళీయే.

రమ్మని అడగటం లేదు. వద్దని కూడా అనలేకపోతున్నాను. పన్నెండో తేదీ సాయంత్రం బండికి టీచరమ్మని స్టేషనుకి పంపమంటావా వద్దా, అది ఒక్కటి తెలియజెయ్యి.

పెద్దమ్మ


రంగుల గది, తూకం బల్ల
సెప్టెంబరు 8

పెద్దమ్మా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి, గిన్నె కింద సెగ ఆర్పి, రంగులావిడకి చెప్పి, అమ్మ పనిచేసే బ్యాంకుకి వెళ్ళాను. భోజనాల వేళ. అమ్మ డబ్బా మూత తీసి, నన్ను చూసి మళ్ళీ పెట్టేసింది. ఎవరో పోయారనుకుందట.

నీ ఉత్తరం ఇచ్చి చదవమన్నాను. నిన్ను అడగకుండానే ఇచ్చాను. నీకు కోపమొస్తే రానీ. అమ్మ రెండోసారి చదువుతున్నప్పుడు, తను గుర్తుకే రాలేదన్న చోట వేలు ఆగిపోయింది. తర్వాత మామూలు గొంతుతో, అందుకే కదే నిన్ను వెళ్ళమంటున్నాను, అంది.

"నేను వెళ్ళను. ఆవిడ నీ అక్క. నువ్వు వెళ్ళు," అన్నాను.

బ్యాంకు ఎవరు చూస్తారంది. ఏటా లీవులు మురిగిపోతున్నాయని తనే అంటుంది కదా అని గుర్తుచేశాను. నాన్నకి వంట అంది. నాన్నకి చేతులున్నాయన్నాను. నీ నలభై ఉన్ని చుట్టల కోసం కన్నతల్లిలాంటి మనిషిని వదిలేస్తావా అంది. పక్క బల్ల క్యాషియరు తినడం ఆపేసి వింటున్నాడు. "వదిలేస్తున్నాను," అన్నాను. ఆ మాటని ఇంకో మాటతో మెత్తబరచలేదు. అమ్మ డబ్బా మళ్ళీ తీసి, చెంచాతో అన్నం కలుపుతూ కలుపుతూ, తల ఎత్తకుండా, "చుక్కలు ఎన్ని గంటలకోసారి?" అని అడిగింది. మూడు గంటలకోసారి అని చెప్పాను. చేతి వెనక రాసుకుంది.

సాయంత్రం నా టికెట్టు రద్దు చేసి తన పేరున తీసింది. పన్నెండో తేదీ, అదే బండి. టీచరమ్మని స్టేషనుకి పంపు. అమ్మకి చుక్కలు వేయడం రాదు, నేర్పాలి. మంచినీళ్ళు తాగినంత సేపు కూడా ఆవిడ ఊరుకోదు, మాట్లాడుతూనే ఉంటుంది, భరించాలి. మీరిద్దరూ ఒకే ఇంట్లో నాలుగు వారాలు ఎప్పుడున్నారో గుర్తులేదని చెప్పింది. నీకు గుర్తుంటే ఆవిడకి చెప్పు.

నన్ను మళ్ళీ పిలవాలని మీకెవరికైనా అనిపిస్తే ముందు అడగండి. అడిగినప్పుడు ఖాళీ ఉంటే వస్తాను, లేకపోతే రాను. అమ్మకీ నాన్నకీ ఈ మాట చెప్పాను. నీకూ చెప్తున్నాను.

నువ్వు నన్ను కోరుకున్నావని తెలుసు. తెలిసే రాస్తున్నాను. పదో తేదీ పొద్దున్న మొదటి గిన్నె పొయ్యి మీదకెక్కుతుంది. ఇరవైదాకా ఈ గదిలో ఉంటాను. పధ్నాలుగున నేను రావడం లేదు.